ప్రేమ్ రాజ్ సొంతంగా చేసిన ఫెన్సు

మామిడిపల్లిలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని డోర్కాస్ చెక్క పని మొదలుపెట్టిన నాటి నుంచి, ఆమె భర్త ప్రేమ్ రాజ్ ఆ షెడ్డుకు సాంకేతిక సలహాదారు. ఆ పదవిలో అతన్ని ఎవరూ పెట్టలేదు. కాబట్టి తీసేయడం కూడా ఎవరి చేతిలోనూ లేకపోయింది.

అతని అసలు ఉద్యోగం ఎయిర్‌పోర్టు పార్కింగులో. షిఫ్టు ఇన్‌చార్జి. మిగతా ఇన్‌చార్జిలు కారు ఎక్కడ పెట్టాలో చూపించి ఊరుకునేవాళ్లు. ప్రేమ్ రాజ్ మాత్రం స్టీరింగు ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో, అసలు ఆ కంపెనీ కారు కొనడం ఎందుకు పొరపాటో కూడా చెప్పి పంపేవాడు. విమానం అందుకోవలసిన వాళ్లు కదా, ఎవరూ నిలబడి వాదించేవాళ్లు కారు. అందరూ తన మాట ఒప్పుకున్నారనే అతను అనుకునేవాడు.

డోర్కాస్ చేసేవి చిన్న వస్తువులు. గోడకు తగిలించే బైబిలు వాక్యాల బోర్డులు, కొత్త ఇళ్లకు పేరు పలకలు, ఫోటో ఫ్రేములు. చుట్టుపక్కల పొలాలన్నీ అపార్టుమెంట్లవుతున్నాయి, అపార్టుమెంటుకో తలుపు ఉంటుంది, తలుపు పక్కన పేరు లేకపోతే కొన్నవాడికి నిద్రపట్టదు. అందుకని ఆమెకు పనికి కొదవ లేదు. చెక్క అంచులకు వంపులు, గాడులు తీయడానికి ఒక రౌటర్ మిషన్ కొనుక్కుంది. దాన్ని ఒక బల్ల కింద తలకిందులుగా బిగించింది. బల్ల మధ్య రంధ్రంలోంచి తిరిగే కోత మొన, అదే బిట్టు, పైకి వస్తుంది, చెక్కను దానికి ఆనించి నెట్టుకుంటూ పోవాలి. చెక్క అటూ ఇటూ పోకుండా ఆనుకోవడానికి బల్ల మీద ఒక నిలువు పట్టీ ఉండాలి. దాన్ని ఫెన్సు అంటారు.

డోర్కాస్ ఫెన్సు ఒక టేకు కట్టె. కూలగొట్టిన పాత ఇంటి దర్వాజాలోంచి తీసింది, రందా పట్టి సాపు చేసింది. దాన్ని బల్ల మీద పెట్టి రెండు చివర్లా రెండు క్లాంపులు బిగిస్తే పని జరిగిపోయేది. చాలా కాలం జరిగిపోయింది కూడా. అయితే ఒక కొత్త చర్చి వాళ్లు ఒకే తీరు బోర్డులు బోలెడన్ని అడిగారు. ఒక్కో బోర్డుకు మూడు రకాల అంచులు. మాటిమాటికీ కట్టె విప్పి జరపడం, మళ్లీ బిగించడం ఆమెకు విసుగొచ్చింది. ఆ రోజు అన్నం తింటూ అంది:

"ఒక ఫెన్సు కొందామనుకుంటున్న. అల్యూమినియందొస్తది. మర తిప్పితే జరుగుతదట."

ప్రేమ్ రాజ్ ముద్ద మధ్యలో ఆపాడు.

"కొంటవా? ఇంట్ల మొగోడు ఉండంగ ఫెన్సు కొంటవా?"

"మొగోనికి ఫెన్సుకు ఏం సంబంధమయ్యా?"

"గట్ల కాదు డోర్కాస్. గది ఏంది? ఒక పట్టీ. గంతదానికి కంపెనోళ్లకు పైసలు వోద్దామా? మనమే చేసుకోవచ్చు. నేను చేస్త."

"నువ్వెప్పుడన్న మేకు కొట్టినవా?"

"కొట్టుడు వేరు, డిజైను వేరు," అన్నాడు ప్రేమ్ రాజ్. డోర్కాస్ కంచం తీసుకుని లేచిపోయింది. ఆ మౌనాన్ని అతను అంగీకారం కింద జమ చేసుకున్నాడు.

ఆ తరువాత చాలా దినాలు అతను వీడియోలు చూశాడు. ఇంగ్లీషువి చూశాడు, హిందీవి చూశాడు, ఏ భాషో తెలియని ఒక గడ్డం మనిషివి కూడా చూసి తల ఊపాడు. కొనడం వల్ల వచ్చే నష్టాల మీద పార్కింగులో కార్లను ఆపే బూమ్ బారియరు దగ్గర ఉండే కుర్రాళ్లకు ఉపన్యాసాలిచ్చాడు. ఇంటి ముందు ఫోనులో ఎవరితోనో "ఫెన్సు మనమే వేసుకోవాలె" అని గట్టిగా మాట్లాడుతుంటే, పక్కింటి యాదగిరి విని గోడ దగ్గరకొచ్చాడు. యాదగిరి జల్‌పల్లి వైపు భూమి అమ్మినవాడు. హద్దుల విషయంలో అతన్ని మించినవాడు లేడని అతని నమ్మకం.

"రాతి కడీలు పాతి ముండ్ల తీగ కొట్టన్నా. లేకుంటే రాత్రికి రాత్రి జరుపుతరు," అన్నాడు.

"కడీలు ఎందుకు? ప్లైవుడ్ సరిపోతది."

"ప్లైవుడా? వానకు ఆగుతదా?"

"షెడ్డు లోపల వాన ఎందుకొస్తది?"

"షెడ్డు లోపల ఫెన్సు ఎందుకే?"

ఇద్దరూ వేర్వేరు ఫెన్సుల గురించి మాట్లాడుకుంటున్నారని తేలడానికి కొంతసేపు పట్టింది. తేలాక కూడా యాదగిరి తగ్గలేదు. "ఏ ఫెన్సయినా కదలొద్దు, సూటిగుండాలె. గంతే," అని లోపలికి పోయాడు. ఆ ఇంట్లో ఫెన్సు మీద జరిగిన చర్చ మొత్తంలో పనికొచ్చే మాట అదొక్కటే. ప్రేమ్ రాజ్ దాన్ని పట్టించుకోలేదు.

చివరికి అతను ఫెన్సు చేశాడు. ఊరికే చేయలేదు, ఫోనును స్టాండుకు తగిలించి, 'సొంతంగా చేసుకుందాం' అని ఒక చానెల్ తెరిచి, మొదటి భాగం, రెండవ భాగం అని ప్రకటించి చేశాడు. ఆ ఫెన్సుకు రెండు పక్కలా సొరుగులకు వాడే ఛానెళ్లు బిగించాడు, ముందుకూ వెనక్కూ జారాలని. తిప్పి బిగించే నాలుగు నల్లటి గుండీలు పెట్టాడు. వాటిలో రెండు ఏ పనీ చేయవు, అటు రెండు ఉన్నాయి కాబట్టి ఇటు రెండు ఉండాలని పెట్టాడు. కొలతల టేపు ముక్క ఒకటి కత్తిరించి పైన అంటించాడు. ముందు ప్లైవుడ్ ముఖం, దానికి వార్నిషు. వెనక ఆసరాకు గట్టి కట్టె కావలసి వస్తే, షెడ్డులో ఒక మూల మంచి టేకు ముక్క కనిపించింది. దాన్ని రెండుగా కోసి వాడాడు.

పని నుంచి విరామం తీసుకుని మార్కెట్టుకు పోయి వచ్చిన డోర్కాస్ చూసింది.

"నా కట్టె ఏది?"

"ఏ కట్టె?"

"నా ఫెన్సు!"

"గదా? గది దీంట్లనే ఉన్నది," అన్నాడు ప్రేమ్ రాజ్, పాతదానికి ప్రమోషన్ వచ్చినట్టు సంతోషంగా.

డోర్కాస్ అరవలేదు. చర్చి వాళ్ల బోర్డు ఒకటి తీసి కొత్త ఫెన్సుకు ఆనించి నెట్టింది. సగం దూరం పోయాక ఫెన్సు ఛానెళ్ల మీద కొంచెం వెనక్కు జరిగింది. బోర్డు అంచు వాగు గట్టులా వచ్చింది. ఇంకొకటి నెట్టింది. అదీ అంతే. మూడోది నెడుతుంటే ప్రేమ్ రాజ్, "చెయ్యి జర వణుకుతున్నది నీకు," అన్నాడు. ఆమె మిషన్ ఆపి, ఆ మూడు బోర్డులనూ అతని చేతిలో పెట్టి, ఇంట్లోకి పోయి, ఫోనులో అల్యూమినియం ఫెన్సు ఆర్డరు చేసింది.

అది వచ్చిన రోజు అతను డ్యూటీలో ఉన్నాడు. ఆమె తీరిగ్గా బిగించుకుని, మూలమట్టం పెట్టి చూసుకుని, సాయంత్రానికి సగం బోర్డులు పూర్తి చేసింది. యూనిఫారంలోనే షెడ్డులోకి వచ్చిన ప్రేమ్ రాజ్ ఆ మెరిసే వస్తువును చూసి, తలుపు దగ్గరే నిలబడిపోయాడు. రెండు రోజులు మాట్లాడలేదు. డోర్కాస్‌కు ఆ రెండు రోజులు ఎంతో పని సాగింది. మూడో రోజు అతనే వచ్చాడు. గొంతు చాలా తగ్గి ఉంది.

"డోర్కాస్, మొదటి భాగం జనం చూసిండ్రు. రెండోది ఎప్పుడని అడుగుతున్నరు. కోసి చూపియ్యాలె గదా. నా దాని మీద కోస్తే..." మిగతాది మింగేశాడు. "నీ దానికి ముంగట నా ప్లైవుడ్ ముఖం తగిలిస్త. వీడియో అయ్యేదాంక. ఇజ్జత్ సవాలు."

ఆమెకు ఆ మనిషి మీద కోపం ఉంది, జాలి కూడా ఉంది. ఆ పూట జాలి ఎక్కువైంది. "అయినంక తీసెయ్యి," అంది. అతను ప్లైవుడ్ ముఖాన్ని అల్యూమినియం మీద మరలతో బిగించి, నాలుగు గుండీలనూ జిగురుతో అంటించాడు. కెమెరా ముందు బోర్డు జారింది, అంచు గాజులా వచ్చింది. "చూసిండ్రు గదా, ఇంట్ల చేసిన ఫెన్సు!" అన్నాడు.

ఆ వీడియో అతను కూడా అనుకోనంత దూరం పోయింది. పార్కింగులో ఒక కారాయన గుర్తుపట్టి అద్దం దించి చేయి కలిపాడు. ఆదివారం పాస్టర్ గారు ప్రసంగంలో, ఈ కాలంలో అన్నీ కొనుక్కునే చేతులే గాని చేసే చేతులు కరువైపోయాయని, మన సంఘంలో అటువంటి ఒక సహోదరుడు ఉండడం మనకు సాక్ష్యమని చెప్పారు. అందరూ వెనక్కి తిరిగి ప్రేమ్ రాజ్‌ను చూశారు. అతను తల వంచుకున్నాడు, వినయంతో. స్త్రీల వైపు కూర్చున్న డోర్కాస్ అరచేతిలో గుచ్చుకుని విరిగిన చెక్క పేడును గోటితో లాక్కుంటూ ఉండిపోయింది. ప్లైవుడ్ ముఖం అలాగే ఉంది. చూడడానికి వచ్చేవాళ్లు ఉన్నారు కాబట్టి తీయొద్దని ప్రేమ్ రాజ్ అన్నాడు.

వచ్చేవాళ్లలో మనీషా ఒకతె. షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీ పని మానేసి, చపాతీ పీటలు, పిల్లల చిన్న కుర్చీలు చేసి అమ్ముకుంటున్న అమ్మాయి. ప్రేమ్ రాజ్ సెలవు రోజున, పొద్దున్నే, రెండు బస్సులు మారి వచ్చింది. భుజాన బరువైన సంచి. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు.

"సార్, నా పేరు మనీషా. మీ వీడియో చూసి నేను గూడ చేసిన. రాలేదు సార్. తప్పు నాదే కావచ్చు. జర చూస్తరా?"

సంచిలోంచి తీసింది. అచ్చం అదే ఫెన్సు. ఛానెళ్లు, నాలుగు గుండీలు, టేపు ముక్క. పనిచేయని రెండు గుండీలు కూడా వదల్లేదు. దాని వెంట చిరిగినట్టు అంచులున్న పీటలు కొన్ని.

"కోస్తుంటే వెనక్కి పోతున్నది సార్. మొన్న పీట ఎగిరి కిటికీకి తాకింది. అద్దం పలిగింది. మా అమ్మ గక్కడనే కూసోని కూరగాయలు తరుగుతుండె. జర్రంతల తప్పింది."

ప్రేమ్ రాజ్ ఆమె చేతిలోని ఫెన్సు అందుకున్నాడు. ఆ క్షణంలో అతను నిజం చెప్పి ఉండవచ్చు. కాని ఎదురుగా ఒక మనిషి 'సార్' అంటూ నిలబడితే సలహా ఇవ్వకుండా ఉండడం అతనికి చాతకాదు.

"ప్లైవుడ్ ఏడ కొన్నవ్? తడి వట్టినట్టుంది," అన్నాడు దాన్ని తిప్పి చూస్తూ. "మరలు గూడ ఒక్క తీరుగ బిగియ్యలేదు. దీనికి ఓపిక కావాలె బిడ్డా. నేను చేసినప్పుడు..."

షెడ్డులో మిషన్ ఆగిపోయింది.

"మనీషా నీ పేరు? ఇటు రా చెల్లె," అని డోర్కాస్ పిలిచింది.

అమ్మాయి షెడ్డులోకి పోయింది, వెనకే ప్రేమ్ రాజ్. డోర్కాస్ స్క్రూడ్రైవరు తీసుకుని, ప్లైవుడ్ ముఖం మరలు ఒక్కొక్కటే విప్పింది. ముఖం ఊడి వచ్చింది. వెనక అల్యూమినియం, దాని మీద కంపెనీ పేరు.

మనీషా దాన్ని చూసింది, ప్రేమ్ రాజ్‌ను చూసింది, మళ్లీ దాన్ని చూసింది.

"ఇది కొన్నదా?"

"కొన్నదే," అంది డోర్కాస్.

"వీడియోల కోసింది?"

"దీని మీదనే."

"కాన్సెప్టు మాత్రం నాదే," అన్నాడు ప్రేమ్ రాజ్ వెనక నుంచి.

మనీషా అతని వైపు తిరిగింది. ఏడవలేదు. "నా చేతులు మంచిగ లేవనుకున్న సార్. రోజూ నా చేతులనే తిట్టుకున్న. పని బంద్ చేసి మళ్ల ఫ్యాక్టరీకే పోదామనుకున్న. మీరేమో ఇప్పుడు గూడ ప్లైవుడ్ తడి అంటున్నరు." ఫోను తీసి బల్ల మీద సీసాకు ఆనించి నిలబెట్టింది. "ఇగ చెప్పుండ్రి. అందరికీ చెప్పుండ్రి."

ప్రేమ్ రాజ్ భార్య వైపు చూశాడు. ఆమె కుర్చీ జరిపి అతని ముందు పెట్టింది.

అతను చెప్పాడు. ముందు లోపలికి పోయి ముఖం కడుక్కుని, చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని వచ్చి చెప్పాడు. నిజాయితీ అంటే ఏమిటో చెప్పాడు. ఒక కళాకారుడి జీవితంలో ఎదురయ్యే ఒత్తిళ్ల గురించి చెప్పాడు. చిన్నప్పుడు తన తండ్రి నేర్పిన విలువల గురించి చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ మధ్యలో ఎక్కడో, ఊపిరి పీల్చుకోవడానికి ఆగినట్టు, వీడియోలో వాడింది కొన్న ఫెన్సని, తను చేసింది కదులుతుందని, ఎవరూ వాడొద్దని కూడా చెప్పాడు.

అతను మాట్లాడుతుండగానే డోర్కాస్ షెడ్డు వెనక నుంచి ఒక కట్టె తెచ్చి రందా పట్టడం మొదలుపెట్టింది. మనీషా కాసేపు అతని మాటలు విని, తరువాత ఆమె దగ్గరకు పోయింది.

"బిట్టు గుండ్రంగ తిరుగుతది గదా," అంది డోర్కాస్. "కట్టె బల్లకు వంకరగ పెట్టినా ఏం కాదు. కట్టె సాపుగుండాలె, నిటారుగుండాలె, కదలొద్దు. ఛానెళ్లొద్దు, గుండీలొద్దు. రెండు క్లాంపులు చాలు."

ఇద్దరూ కలిసి బిగించారు. మనీషా తన పీట ఒకటి ఆనించి నెట్టింది. చివరిదాకా పోయింది. అంచు మీద వేలు పెట్టి రాసి చూసుకుంది, మళ్లీ రాసింది.

"మరి అక్కా, కొనాలెనా, చేసుకోవాలెనా?"

"నేను గిసొంటి కట్టెతోనే మస్తు దినాలు ఎల్లదీసిన. ఆర్డర్లు పెరిగి, మాటిమాటికి జరుపుడు కష్టమైతే కొన్న. నీకు గట్ల కష్టమొచ్చిననాడు కొనుక్కో. అప్పటిదాంక ఇది తీస్కపో."

ఆ వీడియోను మనీషా దగ్గర తీసుకుని ప్రేమ్ రాజ్ తన చానెల్‌లోనే పెట్టాడు. సాయంత్రానికి అతని ఒప్పుకోలు వీడియో ముందటి రెండింటినీ దాటిపోయింది. 'ఇంత ధైర్యం ఎవరికుంటుంది సార్', 'మీలాంటి వాళ్లు రాజకీయాల్లోకి రావాలి', 'ఏడుపొచ్చింది అన్నా' అని జనం రాస్తున్నారు. అతను మంచం మీద కూర్చుని ఒక్కొక్కటీ పైకి చదువుతున్నాడు. అబద్ధం ఆడినందుకు వచ్చిన పేరు కన్నా, ఆడానని చెప్పినందుకు వచ్చిన పేరు ఎక్కువగా ఉంది. డోర్కాస్ బట్టలు మడతపెడుతూ చాలాసేపు విన్నది.

"ఆ పిల్లింట్ల అద్దం పలిగింది," అంది చివరికి. "తల్లి తల జర్రంతల తప్పింది. దాని గురించి ఒక్కడన్న రాసిండా?"

అతను స్క్రీను పైకి జరిపి వెతికాడు. "లేదు."

"నువ్వు చెప్పినవా?"

చెప్పలేదు. నిజాయితీ గురించి చెప్పాడు, తండ్రి గురించి చెప్పాడు, అది చెప్పలేదు. కావాలని దాచింది కూడా కాదు. అసలు గుర్తుకే రాలేదు. ఫోను బోర్లా పెట్టాడు.

తరువాతి సెలవు రోజున అద్దాల దుకాణంలో మనీషా కిటికీకి కొత్త అద్దం కొలతకు కోయించి, డోర్కాస్‌తో కలిసి షాద్‌నగర్ బస్సెక్కాడు. కొలత డోర్కాస్ మనీషాకు ఫోను చేసి అడిగి తెచ్చింది, అతన్ని నమ్మలేదు. బస్సు నిండుగా ఉంది. అద్దాన్ని అట్టల మధ్య పెట్టి రెండు చేతులతో గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. బ్రేకు వేసినప్పుడల్లా ఎవరో ఒకరు తిట్టారు. "గింత రష్షుల అద్దమేందయ్యా, బుద్ధి ఉన్నదా?" అంది ఒక ముసలామె. అతని దగ్గర జవాబు ఉంది గాని, దాన్ని చెప్పడానికి చేతులు తిప్పాలి. చేతులు ఖాళీ లేవు. డోర్కాస్‌కు సీటు దొరికింది, కిటికీ పక్కన హాయిగా కూర్చుంది.

మనీషా అప్పటికి బజారుకు పోయింది. తలుపు తీసింది ఆమె తల్లి సక్కుబాయి. వీడియోలూ చానెళ్లూ ఆమెకు తెలియవు. చేతిలో అద్దంతో నిలబడ్డ మనిషిని పైనుంచి కింది దాకా చూసింది.

"అద్దం షాపోనివా?"

ప్రేమ్ రాజ్ గొంతు సవరించుకున్నాడు. డోర్కాస్ అడ్డుపడబోయింది. ఇప్పుడు మొదలుపెడతాడు, చానెలు దగ్గర నుంచి తండ్రి విలువల దాకా, ఈ ముసలామెను గుమ్మంలో నిలబెట్టి.

"అవునమ్మా," అన్నాడు ప్రేమ్ రాజ్.

అదీ అబద్ధమే. కాని పెళ్లయిన ఇన్నేళ్లలో, తనను తాను తగ్గించుకుంటూ అతను ఆడిన అబద్ధం డోర్కాస్ వినడం అదే మొదలు.

"మరి నిల్చున్నవేంది? లోపటికి రా," అంది సక్కుబాయి. అతను చెప్పులు విప్పి లోపలికి పోయాడు. కిటికీ చౌకట్లో మిగిలిన గాజు పెంకులు ఏరాడు, వేలు కోసుకున్నాడు, నోట్లో పెట్టుకున్నాడు. అద్దం నిలబెట్టి చుట్టూ సన్న పట్టీలు పెట్టి చిన్న మేకులు కొట్టాడు. సక్కుబాయి నడుము మీద చేతులు పెట్టుకుని వెనకే నిలబడింది.

"ఆ మూలకు సందున్నది. కనవడ్తలేదా?"

"తీసి కొడ్త అమ్మా."

"సుత్తె గట్ల వట్టుకుంటరా ఎవరన్న? ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్ ఈ పని?"

అతను పట్టీ ఊడదీసి, మళ్లీ పెట్టాడు. డోర్కాస్ బయట అరుగు మీదకు వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వుకుంది. లోపలి నుంచి సక్కుబాయి తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. మధ్యలో ప్రేమ్ రాజ్ గొంతు, మెల్లగా, "సరే అమ్మా," అంటూ.